కాఫీకి లేవనివాళ్ళు

ఆట బాగుందా అని ఆడినవాళ్ళని అడిగితే బాగుందనే చెప్తారు. చేసినవాళ్ళు ఎదురుగా కూచుని మొహంలోకి చూస్తుంటే బాగాలేదనడానికి ఎవరికి నోరొస్తుంది? మావాళ్ళకి అసలే మొహమాటం ఎక్కువ. అందుకే మా ఔలు ఊళ్ళో వీడియో ఆటలు చేసే ఒక తొమ్మిదిమంది కంపెనీ, అడగడం ఎప్పుడో మానేసింది. అడిగే బదులు కాఫీ పెట్టేది.

పద్ధతి ఏమిటంటే, కొత్త మనిషిని తెచ్చి తెర ముందు కూచోబెట్టి అరగంట ఆడమంటారు. అరగంట కాగానే ఒకరు తలుపు తీసి, "టైమైపోయింది. పక్కగదిలో వేడి కాఫీ, ఏలకుల బన్ను ఉన్నాయి, ఎప్పుడు రావాలనిపిస్తే అప్పుడు రండి" అని చెప్పి వెళ్ళిపోతారు. తలుపు బార్లా తెరిచే ఉంచుతారు, వాసన లోపలికి రావాలిగా మరి. ఆ తర్వాత ఇంకో పది నిమిషాలు కుర్చీలోంచి లేవకుండా ఆడితే ఆ మనిషి ఆటకి పడ్డట్టు లెక్క. లేచాడా, లేదు. మా ఊళ్ళో కాఫీ అంటే లేవని మనిషి ఉన్నాడంటే వాడు ప్రాణం పోయి అయినా ఉండాలి, ప్రేమలో పడి అయినా ఉండాలి. కాబట్టి ఆ పరీక్షలో అబద్ధానికి చోటు తక్కువ.

ఇంకో నియమం కూడా ఉంది. ఆట చేసినవాళ్ళలో ఒకరు వెనక మూలన స్టూలు వేసుకుని కూచోవాలి. చూడాలి, కాగితం మీద రాసుకోవాలి. నోరు మాత్రం తెరవకూడదు. ఆడేవాళ్ళు తిట్టినా, బతిమాలినా, వెనక్కి తిరిగి "ఇదెలాగండీ" అని అడిగినా ఉలకకూడదు, పలకకూడదు. ఆ కాగితంలో ఆఖరి ప్రశ్న ఒకటుంది: చేసినవారు మాట్లాడారా? పక్కన రెండు గళ్ళు, అవును అని ఒకటి, కాదు అని ఒకటి. అవును అని పడితే ఆ మనిషి లెక్కలోకి రాడు. ఏడేళ్ళలో ఆ గడిలో ఒక్క గీత పడలేదు.

ఆ ప్రశ్న పెట్టించింది ఇర్యా కొక్కొనియెమి, ఆమె పక్క బల్ల దగ్గర కూచునే తౌనో. ఇద్దరూ అంతకుముందు ఒక పెద్ద కంపెనీలో చేశారు. అక్కడ ఆడేవాళ్ళ పక్కనే కూచుని, ఇది నొక్కండి, అటు పొండి, ఇప్పుడు చూడండి మజా అని చెప్పి మరీ ఆడించేవాళ్ళు. అందరూ ఆహా అన్నారు. ఆట బయటికొచ్చింది. రెండోరోజు తర్వాత దాన్ని ముట్టినవాళ్ళు లేరు. నలభైమంది ఉద్యోగాలు పోయాయి, అందులో ఈ ఇద్దరివీ ఉన్నాయి.

ఇప్పుడు పరీక్షకి నిలబడ్డ ఆట పేరు మంచుదారి. శీతాకాలం సముద్రం గడ్డకట్టాక ఒడ్డు నుంచి ఎదుటి దీవికి దారి వేసే మనిషి కథ అది. చేతిలో ఇనప గునపం ఉంటుంది. రెండడుగులకోసారి మంచుని కొట్టాలి, మోత వినాలి, గట్టిగా ఉన్నచోట అడుగు వెయ్యాలి, దారి గుర్తుకి క్రిస్మస్ చెట్టు కొమ్మ పాతాలి. పల్చన చోట కాలు పెడితే మునిగిపోతాడు, మళ్ళీ ఒడ్డు నుంచే మొదలు. శత్రువుల్లేరు, తుపాకుల్లేవు, బంగారు నాణేలు లేవు. గునపం, మంచు, మోత, అంతే.

ఆ మోతలన్నీ తౌనోవి. రెండు శీతాకాలాలు సముద్రం మీద బోర్లా పడుకుని, మంచులోకి మైకు దించి, ఒక్కో మందానికి ఒక్కో దెబ్బ కొట్టి పట్టుకొచ్చాడు. పదకొండు వందల దెబ్బలు. ఇర్యా వెళ్ళి, "ముక్కు ఊడిపోతుంది రా, లోపలికి రా" అని పిలిస్తే, "ఉండు, ఇది ఇంకా పాడుతోంది" అనేవాడు. కిందటి వసంతంలో కడుపులో నొప్పి అన్నాడు. ఏడు వారాలు. నలభై ఎనిమిదేళ్ళ మనిషి, ఆట పూర్తవడం చూడకుండానే వెళ్ళిపోయాడు.

పంతొమ్మిదేళ్ళు పక్కపక్క బల్లలు. మొగుడూ పెళ్ళాలు కూడా అన్ని గంటలు పక్కన కూచోరు. వాళ్ళ మధ్య వేరే ఏదో ఉందని ఆఫీసులో ఎవరూ అనలేదు, ఉందని ఇర్యాకీ అనిపించలేదు. కానీ అతను పోయాక ఆమెకి ఒకటే పట్టుకుంది. ఈ ఆట బయటికి రావాలి. రాకపోతే ఆ పదకొండు వందల దెబ్బలు ఎవరి చెవినా పడకుండా ఒక డబ్బాలో మూలపడి ఉంటాయి. తౌనో ముక్కు గడ్డకట్టించుకున్నది అందుకా?

ఆటేమో మొండికేసింది. శరదృతువులో పెట్టిన పరీక్షలో పదిమందిలో ముగ్గురే మిగిలారు. మిగతావాళ్ళు మునిగారు, మళ్ళీ మునిగారు, తిట్టుకుని కాఫీకి పోయారు. అప్పుడు కంపెనీ పెద్ద రేయో, "వీళ్ళకి వినబడటం లేదు ఇర్యా, గునపం కొసకి దీపం పెడదాం" అన్నాడు. గట్టి మంచు అయితే పచ్చ, పల్చనయితే ఎరుపు. పెట్టారు. ఒక్కరూ మునగలేదు. పదిమందీ హాయిగా నడుచుకుంటూ దీవికి పోయారు. అరగంట కాకముందే ఇద్దరు లేచి కాఫీ ఎక్కడ అని అడిగారు. మిగిలిన ఎనిమిదిమంది తలుపు తీయగానే లేచారు. ఒక కాలేజీ పిల్ల మాత్రం నిజం చెప్పింది. "బాగానే ఉందండీ. కానీ సిగ్నల్ దగ్గర నిలబడ్డట్టుంది," అంది.

దీపం తీసేశారు. తీసేస్తే మళ్ళీ మునగడం, మళ్ళీ తిట్లు. జనవరిలో నలుగురు మిగిలారు.

రేయో చెడ్డవాడు కాదు. అతని తల మీద తొమ్మిది కుటుంబాలు ఉన్నాయి. వాళ్ళకి జీతాలిచ్చేది ఇంకో ఆట, రోజుకో బహుమతి పెట్టె తెరుచుకునేది. దాన్ని లక్షమంది రోజూ ముడతారు. ఆడతారా అంటే ఏం చెప్పాలి? పెట్టె తెరుస్తారు, మూస్తారు, పొద్దున్నే పళ్ళు తోముకున్నట్టు ఆ పని కానిచ్చేసి పోతారు. ఒక్కరోజు మానేస్తే వరస తెగిపోతుందని భయం, అంతే. మంచుదారిలోనూ అలాంటి పెట్టె ఒకటి పెడదామని రేయో రెండుసార్లు అన్నాడు. మూడోసారి అనబోతే ఇర్యా లేచి బయటికి పోయింది.

ఫిబ్రవరి రెండో గురువారం స్టాక్‌హోం నుంచి గున్నెల్ వచ్చింది. ఆటకి పెట్టుబడి ఆవిడ కంపెనీది. మాట ముందే అయిపోయింది. పదిమంది వస్తారు, కాఫీ పెడతారు. ఆరుగురు కూచుంటే ఇంకో ఏడాది. ఆరు కాకపోతే ఈ రోజుతో ఆపేస్తారు, అందరూ పెట్టెల ఆటకి పోతారు. ఆవిడ నెమ్మదైన మనిషి, గొంతు పెంచదు. "ఇది నాలుగో పరీక్ష, ఐదోది ఉండదు," అని మాత్రం చెప్పి, వంటగదిలో బల్ల దగ్గర కూచుంది.

రెండు గదులు. ఒక గదిలో ఇర్యా, ఇంకో గదిలో రేయో. ఒక్కో గదికి ఐదుగురు, ఒకరి తర్వాత ఒకరు.

పొద్దున బాగానే నడిచింది. రేయో గదిలో మొదటి ఇద్దరూ లేవలేదు. ఇర్యా గదిలో ఒక నర్సు కుర్రాడు లేవలేదు, తర్వాతి మనిషి లేచాడు. మధ్యాహ్నానికి నాలుగు. రెండింటికి ఐదు. రేయో గదిలో ఆఖరివాడు పదిహేను నిమిషాలకే, "నాకు తల నొప్పెడుతోంది" అని లేచిపోయాడు. ఇక మిగిలింది ఇర్యా గదిలో ఒక్కరు. ఐదు పడ్డాయి. ఆరోది ఆ ఒక్కరి చేతిలో ఉంది.

వచ్చిన మనిషిని చూసి ఇర్యా గుండె జారిపోయింది. యాభై ఎనిమిదేళ్ళు ఉంటాయి, సిటీ బస్సు డ్రైవర్ల యూనిఫారం కోటు, లావుపాటి చేతులు. పేరు కెర్తు.

"రావలసింది నేను కాదు," అంది కెర్తు కోటు విప్పుతూ. "మా మేనకోడలు. దానికి జ్వరం. సినిమా టిక్కెట్లు ఇస్తారట, పోనివ్వకు అత్తా అని నన్ను తోలింది. ఇలాంటివి నేను ఎప్పుడూ ముట్టలేదు."

"పర్వాలేదండీ, మీకు వచ్చినట్టే ఆడండి," అన్నాడు రేయో.

"నన్ను మీరూ గీరూ అనకు బాబూ. బస్సు నడిపేదాన్ని, మంత్రిని కాను." ఆమె కుర్చీలో కూచుని, మూలనున్న స్టూలు వంక చూసింది. "ఈవిడెవరు? పరీక్ష హాల్లో కాపలాకి కూచున్నట్టు కూచుంది."

"ఆమె మాట్లాడదు. లేదనుకోండి."

"మా ఆయన లాగన్నమాట," అంది కెర్తు, ఆట మీటల పెట్టె చేతిలోకి తీసుకుంది.

రేయో తలుపు వేసుకుని పోయాడు. మొదటి ఐదు నిమిషాలు ఆమె తిన్నగా నడవడమే నేర్చుకోలేకపోయింది. ఆటలో మనిషి ఒడ్డు మీద గుండ్రంగా తిరుగుతున్నాడు. ఇర్యా కాగితం మీద ఏమీ రాయలేదు. ఏం రాస్తుంది? అయిపోయింది అనుకుంది. తౌనో, నీ పనంతా ఒక మేనకోడలి జ్వరం మీద ఆధారపడింది చూడు అనుకుంది. నవ్వు రాలేదు.

తర్వాత కెర్తు మంచు మీదికి దిగింది. గునపంతో కొట్టింది. బరువుగా, కిందనుంచి వచ్చినట్టు మోగింది. రెండడుగులు. మళ్ళీ కొట్టింది. ఈసారి కాస్త ఎడమపక్క కొట్టింది. అక్కడ సన్నగా, తీగ మీటినట్టు, బహు తియ్యగా మోగింది.

"ఆహా," అంది కెర్తు తనలో తనే. ఒంటరిగా బస్సు నడిపే మనిషి, పైకి మాట్లాడుకునే అలవాటు. "ఇటు బాగుంది. ఇటే పోదాం."

అడుగు వేసింది, మునిగింది.

రెండోసారీ అంతే. కుడిపక్క కొట్టింది, మొద్దుగా మోగితే మొహం చిట్లించింది. ఎడమపక్క తియ్యగా మోగితే, "అదీ, ఇలా ఉండాలి," అని అటు పోయింది. నల్లటి నీళ్ళు తెరంతా పరుచుకున్నాయి. మూడోసారి, నాలుగోసారి. ఐదోసారి ఇంకా ఓపిగ్గా, నాలుగు దిక్కులా కొట్టి చూసి, అన్నిటికంటే తియ్యగా మోగినచోటు ఏరి మరీ దాని మీద కాలు పెట్టింది.

ఇర్యా చేతిలో కలం అలాగే ఆగిపోయింది.

శరదృతువు నుంచీ వాళ్ళందరూ అనుకున్నదేమిటి? ఆడేవాళ్ళకి వినబడటం లేదని. శ్రద్ధ లేదని. రేయో దీపం పెట్టింది అందుకే, ఇర్యా పళ్ళు కొరుక్కున్నదీ అందుకే. ఈవిడకి భేషుగ్గా వినబడుతోంది. అందరికీ వినబడింది. విన్నారు, నమ్మారు, మునిగారు. పల్చటి మంచు తియ్యగా పాడుతుందని, మందపు మంచు మొద్దుగా మూలుగుతుందని ఇర్యాకి ఆరేళ్ళప్పుడే తెలుసు. వాళ్ళ నాన్న చెయ్యి పట్టుకుని సముద్రం మీదికి తీసుకెళ్ళి చెప్పాడు. తౌనోకీ అలాగే ఎవరో చెప్పి ఉంటారు. సముద్రం ఒడ్డున పుట్టిన ఇద్దరు మనుషులు, నీళ్ళు తడుపుతాయని చెప్పాలా అన్నట్టు, ఆ సంగతి ఎవరికీ చెప్పకుండానే ఆట కట్టేశారు. కాకిపిల్ల కాకికి ముద్దే, కానీ ఆ పిల్ల గోల తనకి తప్ప ఎవరికీ అర్థం కాదని కాకికి తెలియదు. ఇర్యాకి సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

ఏడోసారి మునిగాక కెర్తు మీటల పెట్టె ఒళ్ళో పడేసింది.

"ఇది మోసం," అంది. కోపంగా కూడా కాదు, టిక్కెట్టు లేకుండా ఎక్కినవాణ్ణి చూసినట్టు అంది. "బాగున్నచోటే ముంచుతున్నాడు. వీడెవడో గానీ, ఇష్టమొచ్చినట్టు ముంచుతున్నాడు. దొంగ ఆట."

ఆమె కుర్చీ చేతుల మీద చేతులు ఆనించింది, లేవడానికి. అరగంటకి ఇంకా తొమ్మిది నిమిషాలున్నాయి.

మోసం అన్న మాట ఇర్యాకి ఎక్కడ తగిలిందో చెప్పనక్కర్లేదు. బోర్లా పడుకున్న తౌనో, గడ్డంలో మంచు, ఒక్కో దెబ్బకి వేలు పైకెత్తి ఉష్ అనడం. అతన్ని దొంగ అంటోంది ఈవిడ. ఆ తర్వాత జరిగింది ఆలోచించి చేసింది కాదు.

"మోసం కాదు," అంది ఇర్యా. "తియ్యగా మోగేదే పల్చన."

గదిలో తన గొంతు తనకే వింతగా వినబడింది. కెర్తు వెనక్కి తిరిగి చూసింది, ఒకసారి తెర వంక, మళ్ళీ ఇర్యా వంక. కుర్చీ చేతుల మీంచి చేతులు తీసింది. మీటల పెట్టె ఒళ్ళోంచి తీసుకుని ముందుకి వంగింది.

కొట్టింది. తియ్యగా మోగింది. ఆగింది. రెండడుగులు వెనక్కి వేసి పక్కన కొట్టింది. మొద్దుగా మూలిగింది. అక్కడ కాలు పెట్టింది. మంచు మోసింది.

"ఓహో," అంది చాలా మెల్లిగా.

ఆ తర్వాత ఆమె మాట్లాడలేదు. తొమ్మిది నిమిషాలకి రేయో తలుపు తీసి కాఫీ సంగతి చెప్పాడు. ఆమె వినిపించుకోలేదు. ఏలకుల వాసన గదంతా నిండింది. ఐదు నిమిషాలు. ఏడు. ఒకసారి మునిగింది, కళ్ళు మూసుకుని ఊపిరి వదిలి మళ్ళీ ఒడ్డు నుంచి మొదలెట్టింది. పది. పన్నెండు. తలుపు దగ్గర రేయో నీడ వచ్చి నిలబడింది. అతను లోపలికి చూసి, చేత్తో ఇర్యాని బయటికి రమ్మని సైగ చేశాడు.

నడవలో అతను ఆమె భుజం పట్టుకున్నాడు. ఇన్నేళ్ళ పరిచయంలో అది మొదటిసారి. "ఆరు," అన్నాడు. "ఆరు ఇర్యా. నిలబడ్డాం. ఆ బస్సావిడ నిలబెట్టింది."

వంటగదిలోంచి మిగతావాళ్ళు తొంగి చూస్తున్నారు. ఎవరో నవ్వారు. ఇర్యా చేతిలో కాగితం ఉంది, ఆఖరి గడి ఖాళీగా ఉంది.

"నింపి తీసుకొస్తాను," అని ఆమె మరుగుదొడ్డిలోకి పోయి గడియ వేసుకుంది.

అక్కడ మూత మీద కూచుని, మోకాళ్ళ మీద కాగితం పెట్టుకుని, కాదు అన్న గడిలో గీత పెట్టింది. పెట్టేసింది. ఎవరూ చూడలేదు, ఎవరూ వినలేదు. కెర్తుకి ఈ నియమం ఉందనే తెలియదు. పైగా తప్పేంటో ఇప్పుడు తెలిసింది. ఆట మొదట్లో ఒక ముసలాయన వచ్చి ఒక్క మాట చెప్తే చాలు, తియ్యగా మోగేది నమ్మకు అని. ఒక్క మాట. వారం పని. వచ్చే నెల ఇంకో పదిమందిని పిలిస్తే ఆరేం ఖర్మ, ఎనిమిదిమంది కూచుంటారు. అబద్ధం ఇంత, దాని వెనక నిజం అంత. తొమ్మిదిమంది, తౌనో, అందరూ ఒడ్డున పడతారు. ఇంత చిన్న గీత ఎవరికి అడ్డం?

ఆ గీత వైపే చూస్తూ కూచుంది. ఆరో మనిషి దేనికి పడిందని ఎవరైనా అడిగితే ఏం చెప్పాలి? ఆటకి పడలేదు. ఆటని ఆమె దొంగ అని వదిలేసింది. పడింది ఇర్యా నోటికి. ఇళ్ళల్లో ఆడేవాళ్ళ వెనక ఇర్యా స్టూలు వేసుకుని కూచోలేదు కదా. ఆ పాత కంపెనీలో నలభైమందిని వీధిన పడేసినది ఇదే, ఆడేవాళ్ళ చెవిలో చెప్పి, ఆ తర్వాత లెక్క చూసుకుని మురిసిపోవడం. ఆ ప్రశ్న తనూ తౌనో కలిసి ఈ కాగితంలో పెట్టించింది తమని తాము నమ్మకే. చాలాసేపటికి ఆ గీతని కొట్టేసింది. పక్క గడిలో గీత పెట్టి, కింద సంతకం చేసింది. ధైర్యం వచ్చి చేసిందని నేననను. ఏడుస్తూనే చేసింది.

వంటగదిలో గున్నెల్ ఆ కాగితం చదివింది. రెండోసారి కూడా చదివి, రేయో వైపు తోసింది.

రేయో అది చదివి తల ఎత్తాడు. "ఏం చెప్పావు?"

"తియ్యగా మోగేది పల్చన అని." ఇర్యా గున్నెల్ వైపు తిరిగింది. "వాళ్ళకి వినబడుతోంది గున్నెల్. తప్పు మాది. పల్చటి మంచు ఎలా పాడుతుందో మేం చెప్పనే లేదు. మునిగినవాడికి ఎందుకు మునిగాడో తెలియాలి. తెలిస్తే మళ్ళీ మొదలెడతాడు, తెలియకపోతే మోసం అనుకుని పోతాడు. దీపం పెడితే మునిగే పనే లేదు, అందుకే ఎవరికీ పట్టలేదు. రెండు వారాలివ్వండి."

గున్నెల్ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. "మీరు చెప్పింది నిజమే అనుకుంటున్నాను," అంది. "కానీ రెండు వారాలు అన్న మాట నేను ప్రతి ఊళ్ళోనూ వింటాను. ప్రతివాళ్ళూ నిజంగానే అంటారు. ఆరు అనుకున్నాం, ఐదు పడ్డాయి. ఆ నిర్ణయం ఇంక నా చేతిలో లేదు. క్షమించండి." ఆమెకి బాధగానే ఉంది, అది కనబడింది, దాంతో ఒరిగేదేమీ లేదు.

గున్నెల్ ఫోన్ చెయ్యడానికి బయటికి పోయాక రేయో కిటికీ దగ్గరికి పోయి నిలబడ్డాడు. మిగతావాళ్ళు ఒక్కొక్కరే లేచి ఎవరి బల్లల దగ్గరికి వాళ్ళు పోయారు.

"కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేమంటారు," అన్నాడు రేయో వెనక్కి తిరక్కుండా. "నువ్వు రెండుసార్లు నోరు మూసుకోవాల్సింది ఇర్యా. గదిలో ఒకసారి, ఇక్కడొకసారి. ఒక్కసారైనా మూసుకోలేకపోయావు."

"అవును."

"నేనైతే కాదు అని గీసేవాణ్ణి. గీసి ఇంటికి పోయి హాయిగా పడుకునేవాణ్ణి."

"నేనూ గీశాను," అంది ఇర్యా.

రేయో తిరిగి ఆమె వంక చూశాడు. జేబులోంచి చేతిరుమాలు తీసి ఇచ్చి, "ఆ గదిలో మిషన్ ఆపేసి రా," అన్నాడు.

ఇర్యా గదిలోకి వెళ్ళేసరికి కెర్తు ఇంకా అక్కడే ఉంది.

సాయంత్రపు ఎండ నేల మీద అడ్డంగా పడింది. ఆమె స్వెట్టరు కూడా విప్పేసి, చేతులు పైకి మడిచి, తెరకి మూరెడు దూరంలో కూచుంది. దీవి అంచున చెట్లు చిన్నగా కనబడుతున్నాయి. ఆమె వెనక మంచు మీద కొమ్మల వరస పాతి ఉంది, వంకరటింకరగా, ఒడ్డు దాకా. అంత దూరం ఈ రోజు ఎవరూ రాలేదు.

"ఐదింటికి నా బస్సు," అంది కెర్తు తల తిప్పకుండా. "ఇంకా టైముంది. ఇదెప్పుడొస్తుంది దుకాణానికి? కొనుక్కుంటాను. మా ఆయన నవ్వుతాడు, నవ్వనీ."

ఇర్యా తన మూల స్టూలు మీద కూచుంది. చెప్పకుండా ఉండటం ఆమెకి చేతకాదని ఈపాటికి మీకూ తెలిసిపోయింది.

"రాదు," అంది. "ఇప్పుడే ఆపేశారు."

కెర్తు చేతులు ఆగాయి. "నా వల్లా?"

"నీ వల్ల కాదు. నేను నీకు చెప్పకూడదు, చెప్పాను. అందుకు."

కెర్తు తెర వైపు తల ఊపింది. "ఈ మోతలు ఎవరు పట్టారు?" అంది.

"తౌనో అని, నా పక్క బల్ల. పోయాడు."

"పోయాడా," అంది కెర్తు. "దొంగ అన్నాను కదా ఇందాక. మాట వెనక్కి తీసుకుంటున్నాను."

అని మళ్ళీ గునపం ఎత్తింది. కొట్టింది, అడుగు వేసింది. కొట్టింది, అడుగు వేసింది. దీవి దగ్గరపడింది. ఇంకో పది పన్నెండు అడుగులు ఉంటాయి. సన్నగా, తియ్యగా మోగింది. ఇర్యాకి వినబడింది, కెర్తుకీ వినబడింది. అయినా కాలు ముందుకే పడింది. నల్లటి నీళ్ళు వచ్చేశాయి.

గంటసేపు వేసిన దారి పోయింది. తెర మీద మళ్ళీ ఖాళీ ఒడ్డు, ఒక్క కొమ్మ లేదు. ఇక లేస్తుందిలే అనుకుని ఇర్యా మిషన్ మీటకేసి చూసింది.

"విన్నాను," అంది కెర్తు. "విని కూడా వేశాను. చెట్లు కనబడేసరికి ఆత్రం. ఎవరి తప్పూ కాదు, నాదే." ఆమె చొక్కా చేతుల్ని ఇంకొంచెం పైకి తోసుకుని, ఒడ్డు మీదినుంచి మొదటి అడుగు వేసింది.

అప్పుడు ఇర్యాకి ఏడుపు వచ్చింది. మరుగుదొడ్డిలో వచ్చిన ఏడుపు కాదు, తౌనో పోయిననాడు కూడా రాని ఏడుపు, రేయో చేతిరుమాలు నోట్లో కుక్కుకున్నా ఆగనిది.

గునపం ఎత్తిన కెర్తు ఆగిపోయింది. తల తిప్పలేదు. కళ్ళు మంచు మీదే ఉన్నాయి.

"కాస్త ఊరుకో తల్లీ," అంది. "అతను కొట్టింది వినబడటం లేదు."

ఇర్యా చేత్తో నోరు గట్టిగా మూసుకుంది. కెర్తు మంచు మీద కొట్టింది.